బతికున్న కణాలు

“తలుపు ముందు తోసింది ఎవరు, దాలయ్యా?”

“నానే అమ్మా.”

“తోయగానే తెరుచుకుందా?”

“నేదు. కింద ఏదో అడ్డం పడినట్టు బిగిసిపోనాది. బుజం ఎట్టి తోసీసినాను.”

“ఏమిటా అడ్డం?”

వాచ్‌మన్ దాలయ్య గేటు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “హేమమ్మ సున్నీ.”

అప్పటిదాకా వరండాలో అటూ ఇటూ నడుస్తూ ప్రశ్నలు వేస్తున్న యమున ఆగిపోయింది. ఆగడం ఆమెకు అలవాటు లేని పని. విజయనగరంలోని ఆమె డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చేవాళ్ళు తమ కష్టం చెప్పుకునే ముందు, “కాస్త కూర్చోండి మేడమ్” అని ఆమెనే బతిమాలుకోవాల్సి వచ్చేది.

రాజాం పొలిమేరలో ఉన్న ఈ విభావరి లైఫ్ సైన్సెస్ ల్యాబులో డాక్టర్ హేమ శవం మొన్న సోమవారం ఉదయం దొరికింది. ద్రవ నైట్రోజన్ డబ్బా ఉంచే చిన్న గది అది. కిటికీ లేదు. డబ్బా ఒరిగి, నైట్రోజన్ ఆవిరై గదిలో గాలిని తరిమేసిందనీ, ఆదివారం ఒంటరిగా పని చేసుకుంటున్న హేమ ఊపిరాడక పోయిందనీ సీఐ ధనరాజు తేల్చేశాడు. ప్రమాదం అంతే. ఈ సాయంత్రానికి ఫైలు మూసేస్తాడని స్టేషన్‌లో అందరూ చెప్పుకుంటున్నారు.

హేమ తల్లి జగ్గమ్మ ఒక్కతే నమ్మలేదు. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉండే గుల్లలపాలెంలో చేపలమ్మే మనిషి. కూతురు చేసే పని పేరు కూడా ఆమెకు నోరు తిరగదు. కానీ నిన్న యమున ఆఫీసుకొచ్చి ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. “ఆ గదిలో గాలాడకపోతే సచ్చిపోతామమ్మా, అందుకే తలుపుకి స్టూలు అడ్డమెట్టుకుని ఎల్తాను అని నా గుంటే సెప్పినాది. అలాటి గుంట తలుపేసుకుంటాదా?”

యమున దాలయ్య ఎదురుగా వచ్చి నిలబడింది. “చున్నీ ఎలా పడి ఉంది? ఒంటి మీంచి జారిపోయినట్టా?”

“కాదమ్మా.” దాలయ్య వంగి, భుజం మీది తువ్వాలు తీసి వరండా తలుపు కింద సందులోకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేళ్ళతో కుక్కి చూపించాడు. “ఇలగ.”

యమున వంగి ఆ తువ్వాలు అంచు తడిమి చూసింది. లోపల గాలి చెడిపోతున్నప్పుడు ఎవరూ ఉన్న ఒక్క సందునూ మూసుకోరు. ఆ సందుకు మూతి ఆనించి బయటి గాలి పీల్చుకోవాలని చూస్తారు. సందు మూసుకునేది ఒక్కటే సందర్భంలో. ప్రాణం తీసేదేదో ఆ సందులోంచే లోపలికి వస్తున్నప్పుడు.

“తలుపు తెరిచాక లోపలికి ముందు ఎవరు వెళ్ళారు?”

“డైరెట్రు బాబు. పృథ్వీరాజ్ గారు. గ్యాసున్నాది, నువ్వు రాకు అని తలుపు దగ్గరికేసీసినారు. అప్పుడే...” దాలయ్య మళ్ళీ గేటు వైపు చూశాడు. “ఖంగుమని సప్పుడైనాది. ఇత్తడి బిందె పడినట్టు. తరవాత నన్ను కేకేసినారు. నానెల్లేసరికి డబ్బా ఒరిగిపోయి ఉన్నాది. తెల్లగ పొగ.”

“నువ్వు మొదట తలుపు తోసినప్పుడు పొగ లేదా?”

“నేదు.”

“ఈ సంగతి పోలీసులకి చెప్పావా?”

“సెప్పినాను. సీఐ బాబు రాసుకోనేదు. నువ్వేటీ ఇన్నేదు, నీకు పెళ్ళాం పిల్లలున్నారు కదా అన్నారు.”

యమున మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. “ఆదివారం ఇక్కడికి ఎవరెవరు వచ్చారు?”

“మద్దేన్నం డైరెట్రు బాబు కారులో వచ్చినారు. జనరేటర్‌కి డీజిల్ తెమ్మని నన్ను రాజాం తోలీసినారు. నానొచ్చేసరికి కారు నేదు. హేమమ్మ స్కూటీ మాత్రం ఉన్నాది. లోపల పని సేసుకుంతన్నాదనుకున్నాను. రేత్రి కూడా ఉండిపోతాదమ్మా ఒక్కోపాలి.”

“డైరెక్టర్ కంటే ముందు ఎవరైనా వచ్చారా?”

దాలయ్య తువ్వాలు లాగి భుజాన వేసుకున్నాడు. “నాకు తెల్దమ్మా.”

“తెలుసు. మొహంలో కనిపిస్తోంది.”

“నన్నొగ్గీయండమ్మా. మీకు దండం ఎడతాను.” దాదాపు పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

యమున అతన్ని వెంబడించలేదు. డైరెక్టర్ పొద్దున్నే ఏదో మెడికల్ క్యాంపుకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. ఆలోపే లోపలి గదులు చూసేయాలి.

* * *

ల్యాబులో ఒక మూల ఆటోక్లేవ్ బుసకొడుతోంది. పనికిరాని శాంపిళ్ళను ఆవిరిలో ఉడికించి చంపేసే యంత్రం అది, మనిషి నడుం ఎత్తు ప్రెషర్ కుక్కర్‌లా ఉంది. దాని ముందు స్టూలు మీద ఒక అమ్మాయి మందపాటి నీలం గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర పాలక్యాను లాంటి అల్యూమినియం డబ్బా. ఒక పక్క సొట్టపడి ఉంది.

“అనూరాధ నువ్వేనా?”

అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. గజపతినగరం దగ్గర రైతుల ఇంటి పిల్ల. రెండేళ్ళుగా హేమ కింద పరిశోధన చేస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“ఏం చేస్తున్నావు ఇక్కడ?”

“ఇందులో వయల్స్ అన్నీ ఉడికించి పారేయమన్నారు మేడమ్, డైరెక్టర్ సార్. డబ్బా పడిపోయి నైట్రోజన్ అంతా పోయింది కదా, కణాలన్నీ చచ్చిపోయి ఉంటాయి, ఉంచితే లాభం లేదన్నారు. ఆయన వచ్చేసరికి అయిపోవాలట. పొద్దున్నించి చెయ్యి రావడం లేదు. ఇవన్నీ హేమ మేడమ్ ఒక్కొక్కటీ సొంతంగా పెంచినవి.”

“చచ్చిపోయాయని నువ్వు చూశావా?”

“లేదు. సార్ చెప్పారు.”

“చూడాలంటే ఎంతసేపు పడుతుంది?”

అనూరాధ ఆమె మొహంలోకి చూసింది. “ఎంతోసేపు పట్టదు. కరిగించి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టడమే.”

“అయితే పెట్టు.”

అనూరాధ గ్లవ్స్ తొడుక్కుని డబ్బా మూత తీసింది. తెల్లటి పొగ అంచు మీదుగా దొర్లి నేల మీద పాకింది.

“నైట్రోజన్ అంతా పోయిందన్నారు?” యమున అడిగింది.

“సోమవారం డబ్బా పడిన కాసేపటికే సప్లయర్ వచ్చి మళ్ళీ నింపి వెళ్ళాడు, అది అతను వచ్చే రోజే. మిగతా వాటికోసం ఎలాగూ కావాలి కదా అని.”

పటకారుతో చిటికెన వేలంత వయల్ గొట్టం ఒకటి బయటికి లాగి, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఆడించింది. యమున పక్కనే నిలబడి టేబుల్ అంచు మీద వేళ్ళతో దరువు వేస్తోంది.

“ఏమున్నాయి ఇందులో?”

“కిడ్నీ రోగుల నుంచి తీసిన కణాలు మేడమ్. మేం పనిచేసేది ఒక ప్రొటీన్ మీద. ఎన్‌ఆర్‌ఎఫ్-2 అంటారు. మామూలుగా అది కణంలో ఓ మూల కట్టేసి ఉంటుంది. విషం లాంటిదేదైనా కణంలోకి వస్తే కట్లు తెంచుకుని కేంద్రకంలోకి వెళ్ళి, కణాన్ని కాపాడే జన్యువుల స్విచ్‌లన్నీ వేస్తుంది. కావలివాడు నిద్రలేచి ఊళ్ళో దీపాలు వెలిగించినట్టు. దాన్ని నిద్రలేపే మందు ఉంటే పాడైపోతున్న కిడ్నీని నిలబెట్టొచ్చని సార్ ఒక బిళ్ళ తయారు చేయించారు.”

“పనిచేసిందా?”

“చేసింది. అదే కష్టం.” అనూరాధ గొట్టం పైకెత్తి చూసింది. సగం కరిగింది. “ఆ బిళ్ళ వేసుకుంటే ప్రొటీన్ లేచి కూర్చుంటోంది. మళ్ళీ పడుకోవడం లేదు. దానికి మంచి కణం, చెడ్డ కణం అని తేడా తెలీదు మేడమ్. ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ కణం ఒకటి పుట్టిందనుకోండి, దాన్నీ అంతే శ్రద్ధగా కాపలా కాస్తుంది. ఏ మందూ దాన్ని చంపలేదు. బిళ్ళలు వాడినవాళ్ళ కణాల్లో హేమ మేడమ్ అలాంటివి చూశారు. మందు చెడ్డదని ఆవిడ అనలేదు. ఎక్కడ ఆపాలో తెలిసేదాకా మనుషులకి ఇవ్వకూడదు అన్నారు.”

“ఒక్క క్షణం.” యమున దరువు ఆపింది. “బిళ్ళలు వాడినవాళ్ళు అన్నావు. అప్పుడే మనుషులకి ఇస్తున్నారా? అనుమతి ఉందా?”

అనూరాధ తల దించుకుంది. “లేదు. కొందరికే అన్నారు సార్. రహస్యంగా. పైన ఒక కంపెనీకి ఫలితాలు చూపించాలట.”

నీలం రంగు చుక్క ఒకటి కలిపి, గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. కటకం తిప్పింది. తర్వాత మెల్లగా లేచి పక్కకి జరిగింది.

“చూడండి మేడమ్.”

యమున వంగి కన్ను ఆనించింది. పలచటి నీలం నేపథ్యంలో గుండ్రటి చుక్కలు. ఒక్కొక్కటీ లోపలి నుంచి వెలుగుతున్నట్టు తెల్లగా, నిండుగా ఉంది. అక్కడక్కడ ఒకటీ అరా ముదురు నీలం.

“చచ్చిన కణానికి గోడ చిల్లు పడిపోతుంది. రంగు లోపలికి దూరుతుంది. బతికున్నది రంగుని రానివ్వదు.” అనూరాధ వేలితో పలక వైపు చూపించింది. “తెల్లగా ఉన్నవన్నీ బతికే ఉన్నాయి. దాదాపు అన్నీ.”

“ఆదివారం నుంచి సోమవారం పొద్దుటిదాకా డబ్బా ఖాళీగా పడి ఉంటే?”

“ఒక్కటీ మిగలదు.”

వెనక నుంచి బూట్ల చప్పుడు. “ఎవరిచ్చారమ్మా నీకు లోపలికి రావడానికి పర్మిషన్?”

సీఐ ధనరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. వేసవి ఉక్కలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. వెనకే దాలయ్య, చేతులు నలుపుకుంటూ.

“హేమ వాళ్ళమ్మ ఇచ్చింది,” అంది యమున.

“ఆవిడకి ల్యాబు ఓనర్‌షిప్ ఎప్పుడొచ్చింది? ప్రైవేటు డిటెక్టివ్‌లంటే ఇన్సూరెన్స్ క్లెయిములూ, పెళ్ళి సంబంధాలూ చూసుకోవాలి. డెత్ కేసులో వేలు పెడితే లోపలేస్తాను.”

“తప్పకుండా వెయ్యండి. దానికి ముందు ఇందులోకి ఒకసారి చూడండి.”

“నాకు సైన్సు పాఠాలు వద్దు.”

“సైన్సు కాదు సార్. సాక్షి. ఈ కేసులో బతికున్న సాక్షులు మొత్తం ఇందులోనే ఉన్నారు.”

ధనరాజు కదల్లేదు. యమున కూడా పక్కకి జరగలేదు. చివరికి అతను విసుగ్గా వచ్చి వంగి చూశాడు. అనుకున్నదానికంటే ఎక్కువసేపే చూశాడు.

“నైట్రోజన్ సోమవారమే మళ్ళీ పోశారు,” అన్నాడు తలెత్తకుండానే.

“పోశారు. నైట్రోజన్ మళ్ళీ పోయొచ్చు. చచ్చిన కణాలకి ప్రాణం ఎవరు పోస్తారు? ఆ డబ్బా సోమవారం పొద్దున మీ డైరెక్టర్ చేత్తో తోసేదాకా నిలబడే ఉంది. హేమ నైట్రోజన్ వల్ల పోలేదు.”

“మరి దేనివల్ల పోయింది? దయ్యం పట్టిందా?”

యమున అనూరాధ వైపు తిరిగింది. “సోమవారం నువ్వు వచ్చాక ఈ ల్యాబులో ఇంకేదైనా తేడాగా కనిపించిందా? ఎంత చిన్నదైనా సరే.”

అనూరాధ ఆలోచించింది. “కణాలు పెంచే ఇంక్యుబేటర్ అలారం కూస్తోంది మేడమ్. లోపల ఫ్లాస్కుల్లో ద్రవం రంగు మారిపోయింది. కార్బన్ డయాక్సైడ్ అందుతున్నంతసేపూ అది ఎర్రగా ఉంటుంది. అందకపోతే గులాబీ రంగుకి తిరుగుతుంది. సిలిండర్ ఖాళీ అయిపోయిందనుకున్నాను.”

“సిలిండర్ ఎప్పుడు మార్చారు?”

“శనివారం. నేనే బిగించాను.” చెబుతూ చెబుతూనే అమ్మాయి మొహం పాలిపోయింది. “నిండు సిలిండర్. మామూలుగా నెల దాటి వస్తుంది.”

అప్పటికే యమున గోడవార నిలబెట్టిన పొడుగాటి సిలిండర్ దగ్గర ఉంది. మీటర్ ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. మెడ నుంచి ఇంక్యుబేటర్‌కి వెళ్ళే తెల్లటి రబ్బరు పైపు చుట్ట చుట్టి ఉంది. దాన్ని ఇంక్యుబేటర్ దగ్గర ఊడలాగి, చుట్ట విప్పి, చివర పట్టుకుని నడిచింది. నైట్రోజన్ గది తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పైపు తలుపు కింది సందు దాకా వచ్చి, లోపలికి ఒక జానెడు దూరింది.

ధనరాజు రెండడుగులు ముందుకొచ్చి పైపు చివర వైపు వంగాడు. ఆటోక్లేవ్ బుసకొడుతూనే ఉంది.

“తలుపు బయట గడియ పెట్టాడు,” అంది యమున నేల మీద నుంచే. “పైపు లోపలికి తోశాడు. సిలిండర్ పూర్తిగా తిప్పేశాడు. హేమకి అర్థమైంది. ఒంటి మీది చున్నీ తీసి ఈ సందులో కుక్కింది. చున్నీ గుడ్డ గ్యాసుని ఎంతని ఆపుతుంది? అంతా అయిపోయాక పైపు లాక్కుని, గడియ తీసి, వెళ్ళిపోయాడు. పొద్దున్నే వచ్చి అందరికంటే ముందు లోపలికి దూరి డబ్బా తోసేశాడు. ఆ చప్పుడు దాలయ్య విన్నాడు. మీకు చెప్పాడు.”

దాలయ్య గోడకి అతుక్కుపోయాడు. ధనరాజు అతని వైపు చూడలేదు.

“అనూరాధమ్మా, దాలయ్యా. మీరిద్దరూ కాస్త బయటికి వెళ్ళండి,” అన్నాడు.

“వయల్స్ ముట్టుకోవద్దు. ఆటోక్లేవ్ ఆపేసి వెళ్ళు,” అంది యమున. అమ్మాయి స్విచ్ ఆపింది. ఇద్దరూ బయటికి నడిచారు. తలుపు మూసుకుంది.

* * *

“ఎంతకి అమ్ముడుపోయారు సార్?”

ధనరాజు తలెత్తాడు. కళ్ళలో కోపం రగిలింది కానీ నిలవలేదు. అనూరాధ ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ చేతి బొత్తాం విప్పి, చొక్కా మోచేతి దాకా మడిచాడు.

మణికట్టు పైన చర్మం కింద నరం తాడులా ఉబ్బి, వంకర తిరిగి ఉంది.

“ఏలెట్టి సూడండి,” అన్నాడు. ఇందాకటి అధికారం గొంతులో లేదు. మాట సొంత ఊరికి వెళ్ళిపోయింది.

యమున వేలు ఆనించింది. చర్మం కింద ఏదో గిర్రున తిరుగుతున్నట్టు సన్నగా అదురుతోంది.

“డయాలసిస్‌కి నరాలు కలిపి కుట్టినారు. మాది ఉద్దానం మేడమ్. నాన్న అలగే పోనాడు. మా అన్న అలగే పోనాడు. మా ఇంట్లో మగోడు యాభై సూడ్డం నానెరగను. నాకు కూడా అయిపోనాది, వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోవాల్సిందే అన్నారు. అప్పుడే ఈ డాక్టర్ పృథ్వీరాజ్ పిలిసి బిళ్ళలిచ్చినాడు. ఆరు నెలలైనాది. ఈ నరంలో ఇంతవరకూ ఒక్క సూది పడ్నేదు. రిపోర్టులు సూసి వైజాగ్ డాక్టర్లే నోరెళ్ళబెట్టినారు. డబ్బుకి కాదు మేడమ్. నానమ్ముడుపోయింది పేనానికి.”

యమున ఈ మనిషిని తిట్టడానికి దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అవన్నీ ఇప్పుడు ఎవరికో చెప్పాల్సిన మాటల్లా ఉన్నాయి.

“ల్యాబు మూసేస్తే మందు ఆగిపోతుంది,” అంది చివరికి.

“అదే. ప్రమాదమనే రాసీమన్నాడు. రాసీసినాను. అప్పుడు నిజంగా ప్రమాదమే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.”

“దాలయ్య పేరు చెప్పడానికి భయపడింది మీ గురించే. ఆదివారం డైరెక్టర్ కంటే ముందు ఇక్కడికి వచ్చింది మీరే కదా.”

అతను తలూపాడు. “బిళ్ళలైపోనాయని ఒచ్చినాను. డైరెక్టర్‌కి ఫోన్ సేస్తే, ఊరికి దూరంగ ఉన్నాను, ఆ హేమమ్మని అడగమన్నాడు. ఆమె ఇవ్వనన్నాది. పోయిన వారం ఆమే నన్ను స్కానింగ్‌కి పంపినాది. ఊపిరితిత్తిలో మచ్చున్నాదంట. సిన్నదే, ఇప్పుడు ఆపితే ఆపరేషన్ సేసి తీసీయొచ్చు, ఈ బిళ్ళ మీ కిడ్నీతో పాటు ఆ మచ్చని కూడా కాపలా కాస్తన్నాది సార్, ఆపీయండి అన్నాది. ఆమె కళ్ళమ్మట నీళ్ళు. నానేటి అన్నానో తెలుసా? ఈ మందుతో నీకు పేరు రాకపోతే నా పేనం తీస్తావా అన్నాను.”

“తర్వాత?”

“సోమవారం ఢిల్లీలో మందులకి అనుమతిచ్చే ఆపీసుకి రాసీస్తాను, ఈ బిళ్ళలు ఏసుకుంటన్నోళ్ళందరికీ నానే ఫోన్లు సేసి సెప్తాను అన్నాది. నాకు ఒళ్ళు మండిపోనాది. ఒచ్చి జీపెక్కినాను. జీపులో కూకోగానే...”

అతను చేతి మీది ఉబ్బిన నరాన్ని రెండో చేత్తో కప్పేసుకున్నాడు.

“జీపులో కూర్చోగానే ఎవరికి ఫోన్ చేశారు, ధనరాజు గారూ?”

ధనరాజు తలెత్తకుండానే చెప్పాడు.

“డైరెక్టర్‌కి. మీ మేడమ్ నా మందు ఆపేస్తన్నాది, రేపు ఢిల్లీకి రాసీస్తాదంట, తొందరగా రండి అని సెప్పినాను. నానే సెప్పినాను. ఆమె ఒక్కర్తే ఉన్నాది అని కూడా సెప్పినాను.”

దాలయ్య చెప్పిన కారు వచ్చింది ఆ తర్వాతే. ఆ సంగతి యమున నోటితో అనాల్సిన అవసరం లేకపోయింది. సోమవారం నుంచి తన దగ్గరికి రానివ్వని ఆలోచన ఇప్పుడు ధనరాజు మొహంలో పూర్తిగా దిగింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వంగిపోయాడు.

“నా మీద కూడా కేసు రాయండి మేడమ్.”

“రాయాల్సింది నేను కాదు. మీరే. మిమ్మల్ని కూడా కలిపి.” యమున కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఒక్కచోట నిలవలేకపోతోంది. “అదంతా తర్వాత. ఆ బిళ్ళలు ఇంకెంతమందికి ఇచ్చాడు?”

“నాతో కలిపి పన్నెండు మందికి. ఇప్పటిదాకా.”

“ఇప్పటిదాకా అంటే?”

“కంపెనీవాళ్ళు ఇంకా పెద్ద లెక్క అడిగినారంట. ఊరూరా క్యాంపులెట్టి...” ధనరాజు చప్పున తలెత్తాడు. “మొదటి క్యాంపు ఇయ్యాలే. పొద్దున్న బందోబస్తుకి ఇద్దరు కానిస్టేబుళ్ళని నానే పంపినాను.”

“ఏ ఊరికి?”

అతను చెప్పేలోపు యమున ఫోన్ మోగింది. జగ్గమ్మ. వెనకాల మైకులో ఎవరో పేర్లు పిలుస్తున్నారు. ఆడవాళ్ళ గోల, అలల హోరు. యమున ఫోన్ స్పీకర్లో పెట్టింది.

“అమ్మా, యమునమ్మా. మా పాలెంలో కిడ్నీ క్యాంపెట్టినారు. మా హేమ పనిసేసే ఆపీసు డాక్టరుబాబే ఒచ్చినాడు. రక్తం తీసి సూసి, నాకూ కొద్దిగ ఉన్నాదన్నాడు. మందిచ్చినాడు. అందరూ ఏసుకుంతన్నారు.”

“జగ్గమ్మా, ఆగు. నువ్వు...”

“ఇనమ్మా. నా కాళ్ళకి దండమెట్టి మరీ ఇచ్చినాడు. ఇది నీ కూతురు కనిపెట్టిన మందమ్మా, నీ గుంట పేరు నిలబడతాది అన్నాడు. సేతిలో ఎట్టుకుని కూకున్నాను. నాకేటో మనసొప్పట్నేదు. నిన్నడిగి ఏసుకుందామని. ఏసుకోమంటావా, ఒద్దంటావా?”

కూతుర్ని చంపిన చేతి నుంచి తీసుకున్న మందు అది అని ఒక చేపలమ్మే తల్లికి ఫోన్లో ఎలా చెప్పాలో యమునకి తెలియలేదు. ఆ మాట వింటే జగ్గమ్మ అరుస్తుంది. అరిస్తే అతను పారిపోతాడు.

ధనరాజు లేచి, ఆమె చేతిలోంచి ఫోన్ అందుకున్నాడు. 

“అమ్మా, నాను పోలీసు ధనరాజుని. ఏసుకోకు. నాను ఏసుకున్నోడిని, నామాటిను. నీ పక్కనున్నోళ్ళకి కూడా మెల్లగ సెప్పీ, ఎవరూ మింగొద్దని. గోల సేయకండి. డాక్టరుబాబుకి మంచి సేపలు వండి పెడతాం, బోయనం సేసి ఎల్లమని బతిమాలండి. ఒడ్డు దాటి పోనీకండి. ఒచ్చెత్తన్నాను.”

జగ్గమ్మ ఊళ్ళు తిరిగిన మనిషి. మనుషుల గొంతులు తెలిసిన మనిషి.

“నా గుంటని... ఈడేనా బాబూ?” అని అడిగింది. చాలా మెల్లగా.

ధనరాజు కళ్ళు మూసుకున్నాడు.

“ఈడేనమ్మా,” అన్నాడు.

ఫోన్ కట్ అయింది. ఇద్దరూ జీపు వైపు పరుగెత్తారు.